చప్పుడు చేయని ఫ్యాను

ప్రియమైన నీకు,

ఇక్కడ నేనూ, మీ అమ్మా, మన పిచ్చుకా బాగున్నాం. నువ్వూ, ఫోను కూడా అందని నీ దీవీ, నువ్వు రోజూ కొలిచి రాసుకునే గాలీ వానా అన్నీ బాగున్నాయని తలుస్తాను.

ఇప్పుడు మధ్యాహ్నం. ముందుగదిలో పరదా దించి ఉంది. దాని అంచు కింద నుంచి ఎండ సన్నటి పట్టీలా లోపలికొచ్చి, కుర్చీ కాళ్ళ దాకా పాకి అక్కడే ఆగిపోయింది. అందులో దుమ్ము ఏ తొందరా లేకుండా తేలుతోంది. ఇల్లంతా సగం నిద్రలో ఉన్నట్టుంది, నేనూ అంతే. ఉత్తరం కాస్త అటూ ఇటూ తూలితే ఏమనుకోకు.

అత్తయ్యగారి మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. తగ్గింది. సీరియల్ వచ్చే వేళకి పూర్తిగా తగ్గిపోతుంది, నేను బియ్యం బస్తా కాస్త జరపమంటే మళ్ళీ వస్తుంది. వంటింటి కుళాయి బాగు చేయించారా అని కూడా అడిగావు. చేయించాను. ఇప్పుడు అది కారడం లేదు, తిప్పితే నీళ్ళూ రావడం లేదు. సంతకం సంగతి మళ్ళీ అడిగావు చూడు, ఇంకో ఏడాది అక్కడే ఉండమంటున్నారు, ఏమంటారని. దానికి జవాబు చెబుతాను. ముందు ఫ్యాను సంగతి చెప్పనీ.

"మీరు పంపిన రికార్డింగుల్లో పిచ్చుక గొంతు వినపడదు, వెనక ఒకటే హోరు. హోరు నాకిక్కడ కావలసినంత ఉంది. నాకు నా కూతురి గొంతు కావాలి" అని రాశావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో. ఫోనులో రికార్డు చేయొచ్చుగా అంటావు. ఫోను చేతికిస్తే పిల్ల బొమ్మల్లో పడి లోకం మరిచిపోతుంది. మైకేమో నేను ఇళ్ళ ప్లాన్లు గీసుకునే పెద్ద కంప్యూటరుకే ఉంది. దాని లోపలి ఫ్యాను అరుపు నీకు తెలియనిదా? నాకు చెవిలో జోరీగలా అలవాటైపోయింది గానీ, వీధిలో పోయేవాళ్ళు మన ఇంట్లో పిండిమర ఉందనుకుంటారు.

సరేనని విడిభాగాల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన నిదానస్తుడు. నేను హోరు అనగానే కళ్ళు మూసుకుని, రోగి మాట వినే డాక్టరులా తలాడించాడు.

"చిన్న ఫ్యాను సార్ మీది. అది గిరగిరా తిరిగితేనే గానీ ప్రాసెసర్ వేడి దిగదు, అందుకే అరుస్తుంది. పెద్ద రెక్కల ఫ్యాను నింపాదిగా తిరిగినా అంత గాలీ తోస్తుంది."

అద్దాల బీరువాలో రంగురంగుల దీపాలతో, గొట్టాల్లో నీళ్ళు తిరిగే కూలర్ ఒకటి మెరుస్తోంది. నా కళ్ళు దాని మీద ఉండటం చూసి ఆయన నవ్వాడు. "అందంగానే ఉంటుంది సార్. కానీ దానికి పంపు ఉంటుంది. రాత్రనకా పగలనకా సన్నగా గుయ్యిమంటుంది. మీక్కావలసింది చప్పుడు లేకపోవడం కదా?"

చివరికి రాగి గొట్టాల మీద పల్చటి రేకులు దొంతరగా పేర్చి, పక్కన అరచెయ్యంత ఫ్యాను తగిలించిన కూలర్ ఒకటి నచ్చింది. డబ్బు తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "మీ డబ్బా లోపల ఎంత వెడల్పుందో కొలుచుకు రండి. తీరా మూత పడకపోతే నన్ను తిట్టుకుంటారు." అత్తయ్యగారి జాకెట్ల టేపుతో కొలిచాను. మంచిపని చేశాను, నేను ముచ్చటపడ్డది ఒక వేలెడు ఎక్కువైంది. దానికంటే పొట్టిది, అంతే పెద్ద ఫ్యాను ఉన్నది తెచ్చుకున్నాను.

బిగించడానికి మీ అమ్మగారే నాకు అసిస్టెంటు. టార్చి పట్టుకుని, ఆపరేషను గదిలో నర్సులా పక్కన నిలబడ్డారు. పాత ఫ్యాను ఊడదీస్తే కింద దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. వేడిని కూలర్‌కి అందించడానికి ప్రాసెసర్ మీద ఒక పేస్టు పూస్తారు, ఎండిపోయిన ఆ పాత పేస్టుని స్పిరిట్‌తో తుడిచి, కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టాను. కూలర్ అడుగున నున్నటి రాగి పలక ఉంటుంది, అదే ప్రాసెసర్‌కి ఆనుకుని వేడిని లాక్కుంటుంది. దాని మీద అంటించిన ప్లాస్టిక్ పొరని ముందే ఊడదీసి పక్కన పెట్టాను. ఇంతలో ఎవరో తలుపు తట్టారు. తిరిగొచ్చేసరికి కూలర్‌ని అత్తయ్యగారు రెండు చేతులా పట్టుకుని ఉన్నారు, భద్రంగా అందించారు. నేను కింద చూడకుండా కూర్చోబెట్టి, ఒక మూల మర కాస్త, దానికి ఎదురు మూల మర కాస్త, అలా మార్చి మార్చి బిగించాను.

కంప్యూటర్ వేస్తే రెండు నిమిషాలు హాయిగా ఉంది. ఆ తర్వాత కొత్త ఫ్యాను పాతదాన్ని తలదన్నేలా అరిచి, మొత్తం కంప్యూటర్ టప్పున ఆగిపోయింది. మళ్ళీ మరలన్నీ విప్పి చూస్తే ఏముంది? పలకకీ పేస్టుకీ మధ్య ఆ ప్లాస్టిక్ పొర నున్నగా అంటుకుని ఉంది.

"నేనే అంటించాను బాబూ" అన్నారు అత్తయ్యగారు. "కొత్త సామాను కదా, గీతలు పడతాయని."

ఏమంటాను చెప్పు? మన ఫ్రిజ్జు మీది పొర ఇంకా తీయలేదు. టీవీ రిమోట్‌ని కవర్లోంచే నొక్కుతాం. పిచ్చుక కొత్త కుర్చీకి అట్ట కూడా విప్పనివ్వరు ఆవిడ. ఇంటి ఆచారం తెలిసీ కింద చూసుకోకపోవడం నాదే తప్పు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

మళ్ళీ తుడిచి, మళ్ళీ పేస్టు పెట్టి, ఈసారి టార్చి నేనే పట్టుకుని చూసి మరీ బిగించాను. ఫ్యాను మెల్లగా తిరిగితే చాలని సెట్టింగుల్లో సర్దాను. స్విచ్చి వేస్తే అసలు వెలిగిందో లేదో తెలియలేదు. లోపలికి తొంగిచూస్తే రెక్కలు కలలో తిరుగుతున్నట్టు తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆ హోరు కింద ఎన్ని చప్పుళ్ళు అణిగి ఉన్నాయో! పక్కింటి కుట్టుమిషను, గోడ గడియారం, పరదా గాలికి కిటికీని రాసుకోవడం, నా ఊపిరి. మన ఇంటికి నేనే కొత్తగా వచ్చినట్టనిపించింది.

ఇంక నీళ్ళు నమలను. నీకు చెప్పనిది ఒకటుంది.

నీకు పిచ్చుక గొంతు వినపడనిది ఫ్యాను ఒక్కదాని వల్లే కాదు. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ అది ఇంట్లో గొంతెత్తి మాట్లాడటమే మానేసింది. అన్నీ గుసగుసలే. అన్నం కావాలన్నా, బొమ్మ కనపడకపోయినా, నా చెవి దగ్గరికొచ్చి చెబుతుంది. దెబ్బ తగిలితే కూడా నోరు మూసుకుని ఏడుస్తుంది. డాక్టరుకి చూపించాను, గొంతుకేమీ లేదన్నారు. బడికి వెళ్ళి టీచరమ్మని అడిగితే ఆవిడ విడ్డూరంగా చూసింది. "మీ పిల్లా? క్లాసులో దాని నోరు మూయించలేక నా తల ప్రాణం తోకకొస్తోంది" అంది. అంటే ఇంట్లోనే, మా దగ్గరే. అమ్మని పంపించేశానని నా మీద కోపం అనుకున్నాను. నీకు రాస్తే అక్కడ ఒంటరిగా కుమిలిపోతావని రాయలేదు. హోరుందని నువ్వు విసుక్కుంటే, నిజం చెబుతున్నాను, నాకు లోలోపల నెమ్మదిగా ఉండేది. క్రితం ఉత్తరంలో "ఇక్కడంతా బాగుంది, సంతకం పెట్టెయ్" అని రాసింది కూడా అలాంటి ధైర్యంతోనే.

నిన్న కూలర్ బిగించాక పిచ్చుక బడి నుంచి వచ్చింది. మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి, కంప్యూటర్‌కి చెవి ఆనించి వింది. దాని ముఖమంతా వెలిగిపోయింది.

"బాగుంది నాన్నా" అంది గుసగుసగా. "ఇంక అమ్మ లేవదు."

నీ గది తలుపు వేసి ఉంది. దాని వైపు చూపించింది. నాకప్పుడు తట్టింది. రాత్రి డ్యూటీలు చేసొచ్చి నువ్వు పగలు పడుకునేదానివి. అది పుట్టిన దగ్గర్నుంచీ మనం దానికి పగలంతా నేర్పింది ఒక్కటే, ష్, అమ్మ పడుకుంది, మెల్లగా మాట్లాడు.

పక్కన కూర్చోబెట్టుకున్నాను. "అమ్మ గదిలో లేదు కదరా, దీవికి వెళ్ళింది కదా?"

"తెలుసు నాన్నా" అంది, నాకే ఏదో తెలియనట్టు జాలిగా చూసి. "గట్టిగా మాట్లాడితే అమ్మ లేదని తెలిసిపోతుంది. మెల్లగా మాట్లాడితే లోపల ఉన్నట్టే ఉంటుంది."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. వంటింటి గుమ్మంలో అత్తయ్యగారు కొంగుతో ముఖం కప్పుకున్నారు.

సంతకం పెట్టొద్దని నేను అనను. ఆ ఉద్యోగం కోసం నువ్వెంత తపించావో నాకు తెలుసు. మరో ఏడాదైనా పిల్లని మేం చూసుకుంటాం. కాకపోతే ఇది తెలియకుండా పెట్టకు, అంతే. నేను "అంతా బాగుంది" అన్న మాటని నమ్మి మాత్రం పెట్టకు.

రికార్డింగు ఉన్న మెమరీ కార్డు ఈ కవర్లోనే పెడుతున్నాను. ఇవాళ బడి లేదు, ఇందాకే రికార్డు చేశాం. ఫ్యాను లేదు, హోరు లేదు, మొదట చాలాసేపు నీకు పిల్ల ఊపిరే వినిపిస్తుంది. తర్వాత గుసగుసగా బడి కబుర్లు చెబుతుంది. మధ్యలో నేను, "ఇది అమ్మ నిజంగా ఉన్న చోటికే వెళ్తుందమ్మా, ఇక్కడ మెల్లగా మాట్లాడక్కర్లేదు" అంటాను. అది ఆలోచిస్తుంది. గడియారం చప్పుడు వినపడుతుంది. ఆ తర్వాత మైకుని రెండు చేతులా పట్టుకుని, పక్కింటి కుట్టుమిషను ఆగిపోయేంత గట్టిగా అరుస్తుంది.

"అమ్మా! లేచావా?"

అక్కడ మైకు పగిలినట్టు బరబరమంటుంది. ఆ చోటికి వచ్చేసరికి సౌండు తగ్గించుకోమని రాద్దామనుకున్నాను. వద్దులే, తగ్గించకు.

ఇట్లు,
గుసగుసల ఇంటి నుంచి,
నీ పిచ్చుక వాళ్ళ నాన్న