అక్క కొరికిన దారం

అక్కా,

సోమవారం నాకు దవడ ఆపరేషన్. పుట్టుకతో చీలిన పెదవినీ అంగిలినీ చిన్నప్పుడే కుట్టారు గానీ, పై దవడ ఎదగక వెనకే ఉండిపోయింది కదా. దాన్ని కోసి ముందుకు జరుపుతారట.

నిన్న డాక్టరమ్మ నా ముందుపళ్ళ మధ్య కాగితం పెట్టి, "గట్టిగా పట్టుకోమ్మా" అంది. లాగితే ఊరికే వచ్చేసింది. "టైలరువి కదా, దారం ఎలా కొరుకుతావు?" అంది.

"చిన్నప్పుడు మా అక్క కొరికేది" అన్నాను.

కుట్టుక్లాసులో ఆడపిల్లలంతా ఎవరి దారం వాళ్ళే పళ్ళతో తెంపుకునేవాళ్ళు. నేను గుండీ కుట్టడం ఆలస్యం, "నువ్వు కత్తెర వెతికేసరికి తెల్లారుతుంది, ఇటు తే" అని లాక్కుని టక్కున కొరికేసేదానివి. నీకు బొత్తిగా ఓపిక లేదని ఎన్నిసార్లు పోట్లాడానో! కత్తెర ఎప్పుడూ నీ ఒళ్ళోనే ఉండేదని ఇన్నేళ్ళకు గుర్తొచ్చింది.

కట్లు విప్పాక నా దారం నేనే కొరుక్కుంటాను. నువ్వు మాత్రం ఆదివారమే వచ్చెయ్. తలమీంచి తొడిగేవి వద్దన్నారని, ఆసుపత్రికి గుండీల చొక్కా కుట్టుకున్నాను. చివరి గుండీకి ముడి వేశాను గానీ, దారం తెంపలేదు.

నీ చెల్లి