ఊదా రంగు తగ్గాలి

12 మార్చి 1984, సోమవారం
మా గైడ్ అరుణ మేడం నా ప్రాజెక్ట్ మొదలుపెట్టించారు. మన రక్తంలోని తెల్లకణాలు తమ లోపలి ప్రొటీన్లను తామే ముక్కలు చేసుకుంటాయి. దాన్ని ఆపే మందు వేస్తే, అది ఏ దారిలో జరుగుతుందో తెలుస్తుంది. మందు పేరు పి.ఎం.ఎస్.ఎఫ్. హైదరాబాద్ నుంచి తెప్పించిన చిటికెడు పొడి. చివర్లో ఆ ముక్కలకు రంగు పట్టించే నిన్‌హైడ్రిన్ వేయాలి. ముక్కలు ఎక్కువుంటే రంగు ముదురు ఊదా. మందు పనిచేస్తే లేత ఊదా.
ట్యూబులను వెచ్చగా ఉంచే ఇంక్యుబేషన్‌కి తెలుగు వెతికాను. పొదగడం. ట్యూబులను పొదగేస్తున్నాను. ఎంత బాగుంది.

మంగళవారం
రక్తం మా క్లాస్ మల్లికార్జున్‌ది. సూది చూసి కళ్లు మూసుకున్నాడు. నా రక్తంల ప్రొటీన్ ఏం దొరకది, హాస్టల్ చారే ఉంటది, ఫికర్ చెయ్యకు అన్నాడు.
పొడి మొత్తం ఆల్కహాల్‌లో కరిగించి, వారానికి సరిపడా బఫర్ నీళ్లలో ఒక్కసారే కలిపి పెట్టేశాను. మగ్గానికి పడుగు వేసేముందు ఇంట్లో గంజి అట్లాగే కాస్తారు, మొత్తానికి ఒకే కుండ. రెండుసార్లు కాస్తే దారం ఒక్కతీరు ఉండదంటాడు నాయన. నా ట్యూబులూ ఒక్కతీరు ఉండాలి కదా.

బుధవారం
మందు వేసినదీ, వేయనిదీ, ఒకే ఊదా.

గురువారం
మళ్లీ అదే ఊదా. శనివారం సెమినార్, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తున్నారు. రిజల్ట్ లేకపోతే ఇన్‌కంప్లీట్ అని రాస్తారు, ఇంకో ఏడాది చదవాలి. ఇంకో ఏడాదికి నాయన ఒప్పుకోడు. నన్ను మగ్గం మీద కూర్చోబెడతాడు.
అన్నం ముట్టలేదు. తినకుంటే ఆ కణాలు నిన్నే తింటయి బిడ్డా అన్నది అమ్మ. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆకలైతే కణాలు తమను తామే తింటాయని మేడం చెప్పిన పాఠం కూడా అదే.

శుక్రవారం, ఉదయం 9
మందు ఎట్లా కలిపానో మేడంకు చెప్పాను. కాసేపు నుదురు పట్టుకున్నారు. నీళ్లల్ల కలిస్తే అది గంటల్లోనే చస్తదమ్మా, ఆల్కహాల్‌లనే దాచి, ట్యూబుల వేసే ముందర కలపాలె అన్నారు. అంటే నేను పోసింది చచ్చిన మందు. పొడి చిటికెడు కూడా మిగల్లేదు.
తర్వాత ఆమే, క్లోరోక్విన్ తేపో అన్నారు. మలేరియా మందు. కణంలో ప్రొటీన్లు అరిగే సంచులుంటాయి. ఆ సంచులు పుల్లగా ఉంటేనే ప్రొటీన్లు అరుగుతాయి. ఈ మందు ఆ పులుపు తీసేస్తుంది. నీళ్లలో కలిపినా చెడదు.
చౌరస్తాకు మల్లికార్జున్ సైకిల్ మీద పోయి ఇంజక్షన్ తెచ్చాడు. ఎవరికి చలిజరమని షాపాయన అడిగిండంట. మా తెల్లకణాలకు అని చెప్పిండంట. రక్తానికి మళ్లీ చెయ్యి చాపి, ఇగ ఈ చెయ్యి నీకే రాసిచ్చిన పో అన్నాడు.

సాయంత్రం 5
లేత.
మందు వేయనిది వంకాయ రంగు. వేసినది అందులో సగం కూడా లేదు. చెయ్యి ఊపి మేడంను పిలిచాను. ఆమె ట్యూబును కిటికీకి అడ్డం పట్టి చూసి, రెండో జత కూడా తియ్యి అన్నారు. అదీ లేతే. ఇన్ని రోజులు ఊపిరి ఎక్కడ దాచుకున్నానో.

శనివారం
మొదటి మందు ఎందుకు పనిచేయలేదని ఎక్స్‌టర్నల్ అడిగారు. మందు మంచిదే సార్, నేనే చంపేశాను అన్నాను. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి, అది కూడా రిపోర్ట్‌లో రాయమని, కంప్లీట్ అని సంతకం పెట్టారు.

ఆదివారం
నిద్రలో నవ్వానట. ఎందుకు నవ్వినవని అమ్మ అడుగుతోంది. ఏమో, కల కూడా రాలేదు.