కంగారూను పక్కకు లాగాను

నువ్వు అబద్ధాలకోరువి, అన్నయ్యా. రోడ్డు మీద చచ్చిపడ్డ కంగారూను పక్కకు లాగడం రెండు నిమిషాల పని అనేవాడివి. ఈరోజు నీ సంవత్సరీకం అయ్యాక నేను లాగి చూశాను. పావుగంట పట్టింది, చీర అంచు పాడైంది.

నీ కారులో నీ కూతురితో వస్తుంటే, ఊరి శివారు ట్రుగనీనా దాటాక, పొలాల మధ్య రోడ్డు మీద ఓ పెద్ద వెడ్జ్‌టెయిల్ గద్ద కంగారూ మీద నిలబడి తింటోంది. పొట్ట నిండిన గద్ద చప్పున ఎగరలేదని, అలాగే ట్రక్కుల కింద పడుతుందని నువ్వే చెప్పావు. "ఒక్క గద్దను కాపాడితే ఏం మారుతుంది? రోడ్లు చూసే కౌన్సిల్‌ను నిలదీయాలి!" అని నీతో పదేళ్ళు పోట్లాడింది నేనే. ఎదురుగా ట్రక్కు కనబడగానే గట్టిగా హారన్ కొట్టాను. గద్ద బరువుగా లేచి కంచె మీద వాలింది. ట్రక్కు వెళ్ళాక దిగి కంగారూ తోక పట్టుకున్నాను.

"అత్తా, డాడ్ గ్లవ్స్ డిక్కీలో ఉన్నాయి! ఛీ, దిస్ ఈజ్ సో గ్రోస్!" అంటూనే నీ కూతురు కంగారూ కాళ్ళు పట్టుకుంది.

మేం కారెక్కామో లేదో, గద్ద గడ్డిలోకి దిగి దర్జాగా మళ్ళీ మొదలెట్టింది.

"డాడ్ ఉంటే ఎంత పోజు కొట్టేవాడో," అంది పిల్ల. ఇద్దరం పడీపడీ నవ్వాం.

అయినా నా వాదన నాదే. కౌన్సిల్‌కు రాసేశాను:

చచ్చిన జంతువులను ఏ రోజుకారోజు రోడ్డుకు దూరంగా తీసేయాలి.

గద్దలు తిరిగే చోట బోర్డులు పెట్టాలి.

అక్కడ ట్రక్కుల వేగం తగ్గించాలి.

నీకు ఒక్కటే: ఆ గ్లవ్స్ ఇక నా కారులోనే ఉండనివ్వాలి.