కొలువుకొచ్చిన స్కాట్లండ్ కోట

అబర్డీన్

ఆ ఎడారిలో, మన దుఖాన్ కంపెనీ క్వార్టర్లో దసరా బొమ్మల కొలువుకి మెట్లు సర్దుకుంటున్న చి.ల.సౌ. లలితకుమారికి,

ఫోన్లో నేను ‘ఊఁ’ తప్ప ఏమీ అననని అలిగావు కాబట్టి మెయిల్లోనే ఉత్తరం రాస్తున్నాను. కంపెనీ ట్రైనింగ్ బాగానే సాగుతోంది. ఆదివారం స్టోన్‌హేవెన్ వెళ్ళాను. అక్కడ సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ మీద డన్నోటర్ కోట ఉంది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. దాని మట్టిబొమ్మ కొని, ట్రైనింగ్ ముగించుకుని వస్తున్న మన హమీదుద్దీన్‌కిచ్చి పంపుతున్నాను. కిందటేడు పక్కింటి ఇంద్రజగారు ఈఫిల్ టవర్ పెట్టినప్పటి నుంచి నీకు నిద్ర లేదని తెలుసు.

నీ సుధాకరరావు

తా.క.: ఇక్కడి సీగల్ పక్షి ఒకటి నా ఆవకాయ బ్రెడ్డు ఎత్తుకుపోయింది. దాని కేకలు ఇంకా వినిపిస్తున్నాయి.

దుఖాన్

శ్రీవారికి నమస్కారాలు.

పెట్టె విప్పి చూద్దును కదా, కోటకి పైకప్పు లేదు, గోడలు సగమే ఉన్నాయి, కిటికీల్లోంచి మన సోఫా కనిపిస్తోంది. పగిలిన బొమ్మ కొలువులో పెట్టకూడదని తెలియదూ? నడిమెట్టు దీనికోసమే ఖాళీగా ఉంచి ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు నా పరువేం కావాలి? దారిలో హమీదుద్దీన్ అన్నయ్యే పడేసి ఉంటాడు. నేనేమీ అనలేదు. కొందరికి సామాను మోయడం చేతకాదని మాత్రం అన్నాను.

మీ లలిత

తా.క.: ముక్కలు ఆయన సూట్‌కేసులో ఉంటాయేమో వెతకమని జీనత్ వదినకి చెప్పాను.

అబర్డీన్

లలితా, కొంప ముంచావు.

బొమ్మ పగల్లేదు. అసలు కోటే అలా ఉంది. ఈ తీరంలో పేరున్న కట్టడాల్లో సగం పడిపోయినవే. సెయింట్ ఆండ్రూస్‌లో పెద్ద చర్చికి మొండిగోడలే మిగిలాయి, వాటిని చూడటానికి జనం విరగబడుతున్నారు. స్లేన్స్ కోటకైతే పన్ను తప్పించుకోవడానికి సొంతదారులే పైకప్పు పీకించారట. వెంటనే వెళ్ళి హమీదుద్దీన్‌కి క్షమాపణ చెప్పుకో. పాపం, బొమ్మని విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

నీ సుధాకరరావు

తా.క.: క్రోవీ అనే జాలరిపల్లెలో ఇళ్ళన్నీ సముద్రం మీద అలిగినట్టు పక్కకి తిరిగి నుంచున్నాయి. ఎవరో గుర్తొచ్చారు. పేరు రాయను.

దుఖాన్

శ్రీవారికి,

మీ మెయిల్ చదివి, లడ్డూలు పట్టుకుని పరిగెత్తాను. అప్పటికే ఆలస్యమైపోయింది. నా మాటకి నొచ్చుకుని, ముందురోజే అన్నయ్య బొమ్మని బాగుచేస్తానని తీసుకెళ్ళాడు. మెయింటెనెన్స్‌ మనిషాయె. గోడలు లేపి, పైకప్పు వేసి, తెల్లరంగు కొట్టి, పైన నీళ్ళ ట్యాంకు కూడా పెట్టి, "భాభీ, ఇక వందేళ్ళు కదలదు" అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. లడ్డూలిచ్చి, తప్పు నాదేనని మాత్రం చెప్పాను.

నడిమెట్టు మీదే పెట్టాను. వచ్చినవాళ్ళంతా నోరెళ్ళబెట్టారు. ఇంద్రజగారు ఈఫిల్ టవర్‌ ఊసే ఎత్తలేదు. నా కడుపు నిండిపోయిందండీ.

మీ లలిత

తా.క.: స్కాట్లండ్‌లో ఇంత చెక్కుచెదరని కోట ఉందని తెలియదంటూ, చూసిరావడానికి ఇంద్రజగారు వచ్చేనెలకి టికెట్లు కొనేశారు. మీరెలాగూ అక్కడే ఉన్నారు కదా, ఈలోగా కోటకి కనీసం పైకప్పయినా వేయించండి.