ఉత్తిదే

గోదావరిఖని,
4 మార్చి 1988

ప్రియమైన బావకు, మీ సారలమ్మ రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. మీరు డైరెక్టరుగా మొదటి సినిమా మొదలుపెట్టారని మీ ఉత్తరంలో చదివి వినిపిస్తే, మామ ఆ మాట పక్క క్వార్టర్ పోశం కాకకు మూడుసార్లు చెప్పాడు.

నేను అయిదో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే నవ్వకండి. కానీ మన పెళ్లయిన కొత్తలో మీరు చెప్పింది నేను మరిచిపోలేదు. ఏడేళ్ల మిమ్మల్ని సినిమాలో ఏడిపించడానికి ఆ డైరెక్టరు, "మీ నాన్న గనిలో చచ్చిపోయాడురా" అన్నాడు. మీరు ఏడ్చిన ఏడుపు కెమెరాకు దొరికాక, చేతిలో బిస్కట్ ప్యాకెట్ పెట్టి "ఉత్తిదే" అన్నాడు. ఆ ఏడుపుతోనే మీరు పది సినిమాల బాలనటుడయ్యారు. ఈనాటికీ మామ డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తే మీకు చెమటలు పడతాయి.

ఆ మాట చెప్పినవాడికీ అలాంటి కబురే అందాలని, నిజమో అబద్ధమో తెలియక రైలెక్కి ఉరకాలని సమ్మక్కకు మొక్కుకున్నాను. కనబడితే వదలకండి.

మీ
సారలమ్మ

మద్రాసు,
20 మార్చి

ప్రియమైన సారలమ్మకు,

నాయన బాగున్నాడా? ముందు అది రాయి.

పోస్టుమాన్ ముందు నోరు విప్పవు, కాగితం మీద మాత్రం కత్తి దూస్తావు. కానీ ఆ డైరెక్టరు రెండేళ్ల కిందటే పోయాడు. నీ పగకు మనిషి లేడు. మరిచిపో.

నా సినిమాకు ఆరేళ్ల పాప కావాలి, మన మాట మాట్లాడేది. పోశం కాక బిడ్డ పూలమ్మ అయితే సరిగ్గా సరిపోతుంది. పంపించు. కంటికి రెప్పలా చూసుకుంటాను.

నీ ముత్యం

గోదావరిఖని,
2 ఏప్రిల్

ప్రియమైన బావకు,

పూలమ్మ, వాళ్ల నాయన నిన్ననే రైలెక్కారు. తల్లి మల్లక్క మొదట ఒప్పుకోలేదు. చివరికి, "నీ మొగని మీద కాదు, నీ మీద నమ్మకంతోని పంపుతున్న. నా బిడ్డ ఏడ్చిందంటే నిన్నే అడుగుత" అంది. సరే అన్నాను. నేను ఒకరికి మాటివ్వడం ఇదే మొదటిసారి.

మామ బాగున్నాడు.

మీ
సారలమ్మ

మద్రాసు,
25 ఏప్రిల్

ప్రియమైన సారలమ్మకు,

నాయన బాగున్నాడా?

శుభవార్త. పూలమ్మ మూడు రోజులు నవ్వుతూనే ఉంది, ఏడుపు రాలేదు. గ్లిజరిన్ పెట్టబోతే కళ్లు మూసుకుంది. నిర్మాత విసుక్కున్నాడు. పోశం కాకను టీకి పంపి, తల్లి పోయిందంటే ఏడుస్తుందని పిల్ల చెవిలో "మీ అవ్వ సచ్చిపోయింది" అన్నాను. ఒక్క టేకు! యూనిట్ అంతా చప్పట్లు. తర్వాత బిస్కట్లిచ్చి ఉత్తిదే అని చెప్పానులే. చిన్నపిల్లలు తొందరగా మరిచిపోతారు.

రేపు వాళ్లను రైలెక్కిస్తున్నాను.

నీ ముత్యం

గోదావరిఖని,
9 మే

ప్రియమైన బావకు,

మీరు వాకిట్లో ఉన్నారు, నేను వంటింట్లో ఉన్నాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. మామ తెచ్చి ఇస్తాడు.

టెలిగ్రాం ఇచ్చింది నేనే. మీ ఉత్తరం చదివి వినిపిస్తే మామ కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టాడు. తర్వాత, "నేను సచ్చిపోయిన్నని రాయి బిడ్డా" అన్నాడు. పోస్టాఫీసుకు ఒక్కదాన్నే పోలేనంటే తోడు కూడా వచ్చాడు. గుమాస్తా కాగితం చూసి, "అయ్యో, ఎవరు పోయిండ్రు?" అని అడిగితే, "నేనే. జల్ది కొట్టు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

పొద్దున మీరు చెప్పులు లేకుండా ఉరికి వచ్చారు. మామను చూసి గడప మీదే కూలబడి ఏడ్చారు. తర్వాత నన్ను చూసి, "మనిషితోని గిట్ల ఆడుకుంటరా?" అని అరిచారు. మామ మీ ముందు బిస్కట్ ప్యాకెట్ పెట్టి, "ఉత్తిదే కొడుకా. తిను" అన్నాడు.

పూలమ్మ వచ్చి పది రోజులు దాటింది. మల్లక్క నీళ్లకని నల్లా దగ్గరకు పోయినా కొంగు వదలదు. నన్నే అడుగుతానన్న మల్లక్క ఏమీ అడగలేదు. నాతో మాట్లాడటమే మానేసింది.

నా మొక్కు తీరింది బావా. ఆ మాట చెప్పినవాడు రైలెక్కి ఉరికి వచ్చాడు.

పూలమ్మ వాళ్లది పక్క ఇల్లే. లేచి ఆ పిల్ల దగ్గరకు పోండి. బిస్కట్లు మాత్రం పట్టుకుపోకండి.

మీ
సారలమ్మ