ఫ్లెక్సీ మీద మొహం

ఫిబ్రవరి 3
నా రాత కోడి గెలికినట్టుంటుంది. తప్పులూ ఉంటాయి. ఊరి బడిలో ఐదో క్లాసుతో ఆపేశాను. ఎవరైనా చదివితే మన్నించాలి. చదవకపోతే మరీ మంచిది. బతుకంతా గాజు పలకలు కోసే పనిలో గడిచింది. కోసేటప్పుడు మాట్లాడితే గీత పక్కకి పోతుంది. అలా మాటే అలవాటు తప్పింది.

ఫిబ్రవరి 5
కాలనీ సెక్రటరీ గారొచ్చారు. క్యాన్సరొచ్చిన పిల్లల వైద్యానికి విరాళాల కోసం ఆదివారం కాలనీ అంతా ఏటి ఒడ్డు దాకా నడుస్తారట. భోజనాలు అక్కడే. గేటు దగ్గర ఫ్లెక్సీ, దాని మీద మా మనవరాలి ఫోటో. ఆసుపత్రిలో ఆయనే తీసింది. జుట్టు లేదు. ముక్కులో గొట్టం. మొహం కనపడితేనే జనం కదులుతారన్నారు. మావాడు తలూపాడు. కోడలు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 6, మధ్యాహ్నం
మనవరాలు నా మంచం మీదికొచ్చి కూర్చుంది. పదేళ్ళ పిల్ల. కీమో ఇంకా మిగిలే ఉంది. తనూ అందరిలాగే నడుస్తుందట. ఆ ఫ్లెక్సీ కడితే మాత్రం రాదట. ఎందుకమ్మా అన్నాను.

"అందులో నేను లేను తాతయ్యా. జబ్బే ఉంది."

వాళ్ళ నాన్నకి చెప్పిందట. సెక్రటరీ అంకుల్ మనకెంత చేశారో తెలుసా అని కసిరాడట. అదీ నిజమే. పిల్ల పడిపోయిన రోజు కారు తీసింది ఆయనే. రక్తం ఇచ్చిందీ ఆయనే. అలాంటి మనిషికి వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్తాం?

నువ్వు చెప్పు తాతయ్యా అంది. సరేనన్నాను. ఎందుకన్నానో.

ఫిబ్రవరి 7
వెళ్ళాను. టీ ఇచ్చారు. తాగి వచ్చేశాను.

ఫిబ్రవరి 8
మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ టీ. ఆయన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పారు. నాకూ ఉన్నాయన్నాను. మనవరాలు గుమ్మంలోనే నిలదీసింది. ఏం మాట్లాడావంటే మోకాళ్ళ గురించి అన్నాను. నవ్వలేదు.

శనివారం
కాలనీ హాల్లో అందరూ ఉన్నారు. ఫ్లెక్సీ నేల మీద పరిచి తాళ్ళు కడుతున్నారు. పిల్ల మొహం పక్కనుంచే చెప్పులు తిరుగుతున్నాయి. నాకేమైందో తెలీదు.

"ఇది వద్దండీ. మా పిల్ల వద్దంది."

అందరూ ఆగిపోయారు. మావాడు చొక్కా పట్టుకుని లాగాడు. సెక్రటరీ గారి మొహం చిన్నబోయింది. కోప్పడితే బాగుండేది. ఉత్త అక్షరాలు చూసి ఎవరొస్తారు పెద్దాయనా అన్నారు మెల్లిగా. మందుల షాపాయన వెనకనుంచి, అయితే నీది వేసుకోమంటావా అని ఎత్తిపొడిచాడు.

"వెయ్యండి," అన్నాను.

పెళ్ళయ్యాక ఫోటోకి నిలబడింది లేదు. సెక్రటరీ గారు నన్ను చాలాసేపు చూసి ఫోన్ తీశారు. నవ్వమన్నారు. నవ్వానో లేదో.

ఆదివారం
గేటు దగ్గర తలుపంత నేను. ఎదురు వీధావిడ ఆగి, పాపం పెద్దాయన ఎప్పుడు పోయారని అడిగింది. పక్కనే ఉన్నాను. నమస్కారం పెట్టాను. హడలిపోయింది.

మనవరాలు టోపీ, మాస్కు పెట్టుకుని నడిచింది. చూసేవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. ఈ జన్మకి సరిపడా సిగ్గుపడ్డాను. దార్లో పిల్ల ఆయాసమొచ్చి అరుగు మీద కూర్చుంది. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకోబోతే వద్దని లేచింది. కొత్తగా వచ్చినావిడెవరో నువ్వెవరి కోసం నడుస్తున్నావమ్మా అంది.

"ఒంట్లో బాగాలేని పిల్లల కోసం ఆంటీ."

సెక్రటరీ గారు విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ముందుకెళ్ళిపోయారు.

ఫిబ్రవరి 21
పిల్లకి జ్వరం. మళ్ళీ ఆసుపత్రి. కోడల్ని ఒక్కదాన్నే లోపల ఉండనిచ్చారు.

మార్చి 2
అమ్మలూ, ఫోన్లో నాకు నోరు పెగల్లేదు. ఈ పుస్తకం లోపలికి ఇస్తానని నర్సమ్మ అంది. వచ్చే ఏడు నడకకి ఫోటో ఎవరిదని సెక్రటరీ గారు అడుగుతున్నారు. నిన్నడిగి చెప్తానన్నాను. కింద జాగా వదిలాను. తొందరగా జవాబు రాయి.