రే మీద చుక్క

నవంబరు 12, 2024

టెక్కలిలో జిలానీ సాహెబు గారి ఇంటికి వెళ్లాను. ఇదే మొదటిసారి. ఆయన డయాలసిస్‌కి పలాస వచ్చినప్పుడల్లా నా బోర్డుల షాపు ముందు బెంచీ మీద కూర్చుంటారు. ఫ్లెక్సులు వచ్చాక ఆ బెంచీ ఎప్పుడూ ఖాళీయే. పోయిన వారం నేను గీసిన గీత చూసి, బంగారంతో పని నేర్చుకుంటావా బాబూ అన్నారు.

ఖురాన్ చూపించారు. వాళ్ల నాన్నగారు చేత్తో రాసింది. ఇంకా పుస్తకంగా కుట్టలేదు. మొదటి రెండు పేజీల అంచుల్లో తీగెలు, పువ్వులు, నీలం, బంగారం రావాలి. కుడి పేజీ సాహెబు గారు పూర్తి చేశారు. ఎడమది మొదలుపెట్టేసరికి చేతికి వణుకు వచ్చింది. మార్చిలో రంజాన్. అప్పటికి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని కోరిక. ఆ తర్వాత తను ఉంటానో లేదో అన్నారు.

నాకు ఆ లిపి రాదని చెప్పాను. అక్కర్లేదు, అక్షరం మా నాయినది, అంచు నీది అన్నారు.

నవంబరు 14

బంగారు రేకు తేనెలో వేసి, పింగాణీ పళ్లెంలో చూపుడు వేలితో నూరడం. పొద్దున్న నుంచి ఇదే. వేలికి స్పర్శ పోయింది.

నవంబరు 19

పనికి ముందు రోజూ ఒకటే ప్రశ్న. చేతులు పాక్‌గా ఉన్నాయా అని. పాక్ అంటే శుద్ధం. శనగపిండి, బూడిద, చెంబుతో నీళ్లు పెడతారు. నేను కడుక్కున్నాక నా వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని గోళ్ల దాకా చూస్తారు.

మా తాతకి మందసలో టీ వేరే గ్లాసులో పోసేవారు. మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. తిరుగు బస్సులో అదే గుర్తొచ్చింది.

నవంబరు 20

మా ఆవిడ సువర్ణమ్మకి చెప్పాను. అంటు అనుకున్నోడు నీ ఏలు పట్టుకుంటాడేటయ్యా, నీకు అన్నీ సిత్రంగానే ఉంటాయి అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

డిసెంబరు 10

వేరే కాగితం మీద పువ్వులు వేశాను. అలవాటు చొప్పున రేకుల కింద నీడ పెట్టాను. ఇదేటి బాబూ, సినిమా బోర్డు సేత్తన్నావా, ఈ తోటలో ఎండా లేదు, నీడా లేదు అన్నారు. అన్నీ చెరిపించారు. రెండో పువ్వు చూసి, ఇది పువ్వా, పకోడీయా అన్నారు.

డిసెంబరు 27

అసలు పేజీ ఇచ్చారు. అక్షరాల మీద మందపాటి కాగితం కప్పి, అంచు మాత్రం కనపడేలా ఉంచారు. ఆ కాగితం తీయకు అన్నారు.

జనవరి 5, 2025

ఆదివారం. సువర్ణమ్మకి జ్వరం. ఫ్యాక్టరీ నుంచి ఇంటికి తెచ్చిన జీడి పిక్కలు ఆమె బదులు నేను కోశాను. చర్చికి వెళ్లలేదు. సాయంత్రం సబ్బుతో రుద్ది కడుక్కున్నాను.

జనవరి 7

సాహెబు గారు నీరసంగా మంచం మీద ఉన్నారు. పడుకునే అడిగారు. కడుక్కున్నానని చెప్పాను.

కడుక్కోలేదు. చెంబు ముట్టుకోలేదు. ఈ చేతులతోనే చేస్తే ఏమవుతుందో చూద్దామనిపించింది.

పై అంచు మొత్తం నింపాను. నా జీవితంలో ఇంత మంచి పని చేయలేదు. ఎలా ఉందో చూద్దామని కప్పిన కాగితం కూడా ఎత్తాను. ఒక అక్షరం పైన బంగారు నలుసు పడి ఉంది. గోటి చివరతో తీసేశాను.

జనవరి 8

ఏమీ కాలేదు.

జనవరి 16

నలుసు తీసిన చోట లేత టీ రంగు. కిటికీ వైపు తిప్పి చూశాను. నీడ కాదు. ఆయనకి చెప్పలేదు.

జనవరి 21

ముదిరింది. ఆవగింజంత చుక్క. సుద్దపొడి అద్దాను. పోలేదు.

గోటి సందులో జీడి నూనె ఉండిపోయింది. అది అంటినప్పుడు కనపడదు, తర్వాత నల్లబడుతుంది. సువర్ణమ్మ చీరలన్నిటి మీదా ఈ మచ్చలే. పలాసలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. నాకే తట్టలేదు.

జనవరి 22

పేజీ ఆయన ముందు పెట్టాను. కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశారు.

ఆ అక్షరం పేరు రే. దానికి చుక్క ఉండదు. పైన చుక్క పడితే అది జే అయిపోతుంది, మాట మారిపోతుంది. అక్కడున్న మాట లా రైబ. సందేహం లేదు అని అర్థం. సందేహం లేదన్న కాడే సందేహం పెట్టేసినావు కదా నాయినా అన్నారు. కోపంగా అనలేదు.

గీకితే చిల్లు పడుతుంది. ఉంచితే చదివేవాడు తప్పు చదువుతాడు. ఆ పేజీ ఇంక పుస్తకంలో ఉండకూడదు. అది వాళ్ల నాన్నగారి చేతిరాత. మళ్లీ రాయడానికి ఆయన లేరు.

తర్వాత అన్నారు. మా ఇంటిది పదేళ్లు జీడి కోసింది, పలాస సేతులు నాకు తెలీవా, అందుకే కదా రోజూ అడిగినాను, నువ్వేటనుకున్నావు అని. నా ముఖం చూసి ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

పేజీ తిరిగిస్తూ, అంచు మాత్రం బాగా కుదిరింది అన్నారు. తిట్టినా బాగుండేది.

జనవరి 26

పాడైన పేజీని పారేయకూడదట. భూమిలో పెట్టాలి, లేదా లోతు నీళ్లలో విడవాలి. సముద్రమే మంచిదన్నారు.

వజ్రపుకొత్తూరు వెళ్లాం. ఢిల్లీరావు పడవ మీద పేరు రాసింది నేనే, అందుకని వస్తానన్నాడు. తెల్లగుడ్డ మూట చూసి, ఏటి బావా, అస్తికలా అన్నాడు. కాగితం అన్నాను. కాగితానికి అంత లోతేటి, ఇక్కడే ఇసిరీ అన్నాడు. దేవుడి మాట అని చెప్పాను. అలలు దాటాక ఇంజను ఆపి, తలగుడ్డ తీశాడు.

రాయి కట్టిన మూట వదిలాను. కొంతసేపు తెల్లగా కనిపించింది.

సాహెబు గారు ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. లోతుగానే ఏసినారా అని అడిగారు. అంతే.

జనవరి 30

ఈ రోజు డయాలసిస్. ఆయన బెంచీ మీదికి రాలేదు.

ఫిబ్రవరి 4

నేనే టెక్కలి వెళ్లాను. ఆ రోజు కడుక్కోలేదని చెప్పాను. ఎందుకో చెప్పాను. మందస గ్లాసు సంగతి కూడా చెప్పాను. ఇంటి బయట ఎవరికైనా చెప్పడం ఇదే మొదలు.

ఆయన తల దించుకున్నారు. జీడి మరక కోసం అడుగుతున్నానని మొదటి రోజే సెప్పాల్సింది, ఒక్క ముక్క, అదీ సెప్పలేదు అన్నారు.

కొత్త కాగితం తీసుకురమ్మన్నారు. నాయిన రాత పోయింది, ఇంక నా రాతే, నువ్వు మణికట్టు పట్టుకో అన్నారు. రంజాన్‌కి నెల కూడా లేదు. అంచు సంగతి తర్వాత.

ఫిబ్రవరి 8

గట్టిగా పట్టుకుంటే నా గీత వస్తోంది. వదులుగా పట్టుకుంటే ఆయన వణుకు వస్తోంది. ఇద్దరు డ్రైవర్ల బస్సయిపోనాది మన పని అన్నారు. రెండు కాగితాలు పాడయ్యాయి.

ఫిబ్రవరి 13

బీపీ పడిపోయింది. హాస్పిటల్ వరండాలో ఉన్నాను. కాగితం తెచ్చినాడా అని లోపల అడిగారట.

ఫిబ్రవరి 18

లా రైబ దాకా వచ్చాం. రే రాశారు. సిరా ఇంకా తడిగానే ఉంది. ఒక ఈగ వచ్చి, సరిగ్గా దాని పైన, ఖాళీలో, చుక్కలా వాలింది.

ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

అక్కడే కూర్చుని కాళ్లు రుద్దుకుంది. ఎగిరిపోయింది.